ఇంటి ముందు తీతువు, మిద్దె మీద 8×42 బైనాక్యులర్

తిరుపతిలో 32 ఏళ్లు కళ్లద్దాల దుకాణం నడిపాను. ‘పై వరుస చదవండి, ఇప్పుడు కింది వరుస, ఇది బాగుందా అది బాగుందా’ అని రోజుకు పాతికసార్లు అన్న నోరు నాది. ఇప్పుడు దుకాణం మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ఖాళీగా కూర్చున్న 61వ ఏట 11,400 రూపాయలు పోసి బైనాక్యులర్ కొన్నానంటే ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. ‘పోనీలే, కొండ మీద గరుడసేవ రోజు పనికొస్తుంది’ అని మా ఆవిడ తనకు తానే సర్దిచెప్పుకుంది. అసలు కారణం వేరు. మా ఇంటి ఎదుటి ఖాళీ ప్లాటులో ఒక తీతువు పిట్ట నేల మీద నాలుగు గుడ్లు పెట్టింది. దాన్ని చూడాలి, దాని కాపురం చెడగొట్టకుండా చూడాలి. మే నెల నుంచి జూలై దాకా ఆ ఒక్క పని మీదే ఈ వస్తువును వాడాను. కాబట్టి దీని మంచిచెడ్డలు చెప్పాలంటే ఆ పిట్ట సంగతి చెప్పక తప్పదు.

పెట్టె మీది పేరు మాత్రం రాయడం లేదు. ఒకే కార్ఖానాలో తయారైన ఫ్రేముకు నలుగురు నాలుగు పేర్లు అచ్చు వేయించుకుని నాలుగు ధరలకు అమ్మడం మా వ్యాపారంలో బోలెడు చూశాను. ఈ బైనాక్యులర్ కూడా, అదే రబ్బరు గీతలు, అదే మధ్యచక్రంతో, మూడు వేర్వేరు పేర్ల కింద ఆన్‌లైన్‌లో కనిపించింది. అందుకని లోపలి సరుకు ఏమిటో చెబితే కొనేవారికి ఎక్కువ లాభం. 8×42 (8 అంటే ఎనిమిదింతలు పెంచి చూపేది, 42 సంగతి తర్వాత చెబుతాను), రూఫ్ ప్రిజం, అంటే గొట్టాలు తిన్నగా ఉండే రకం, ప్రిజంలో బీఏకే4 అనే మేలురకం గాజు, లోపల ఆవిరి పట్టకుండా నైట్రోజన్ నింపి మూసినది. బరువు మా వీధి కిరాణా కొట్టు కాటాలో 680 గ్రాములు, మెడపట్టీతో సహా.

మా ఇల్లు అవిలాల దాటాక ఒక వెంచర్ చివర ఉంది. ఉత్తరాన శేషాచలం గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది. రాత్రయితే గాలిగోపురం దగ్గర నామం, శంఖుచక్రాల దీపాలు కనిపిస్తాయి. ఇంటి ముందు మాత్రం పన్నెండేళ్లుగా ఇటుక పడని ప్లాట్లు. గ్రావెల్, సున్నం కొట్టిన హద్దురాళ్లు, అక్కడక్కడ సర్కారు తుమ్మ. కొన్నవాళ్లు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, ధర ఎంతకు వచ్చిందని ఏడాదికొకసారి ఫోను చేస్తారు. ఎవరికీ అక్కర లేని ఆ గులకనేల తీతువుకు సొంత ఊరు. అది కొమ్మ మీద వాలదు, చెట్టు మీద గూడు కట్టదు. నేల మీద అరచేయంత గుంట, అందులో నాలుగు గులకరాళ్లు, ఎండిన మేకపెంటికలు, అంతే సంసారం. గుడ్లు మట్టిరంగు మీద నల్ల మచ్చలతో ఉంటాయి. సన్నటి కొసలు లోపలికి పెట్టి నాలుగింటినీ పువ్వు రేకుల్లా పేర్చుకుంటుంది. ఎక్కడుందో తెలిసి చూసినా రెప్ప వేసి తెరిచేసరికి గులకల్లో కలిసిపోతాయి.

తీతువు కూత వింటే మన వైపు చాలామందికి గుండె జారుతుంది. రాత్రిపూట ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే ఎవరికో మూడిందని లెక్క. చిన్నప్పుడు విన్న కథలో సముద్రం తన గుడ్లు లాక్కుపోయిందని సముద్రం మీదికే తగాదాకు వెళ్లిన టిట్టిభం ఇదే. ఆకాశం విరిగి పడితే ఆపాలని కాళ్లు పైకెత్తి పడుకుంటుందని వెక్కిరించేదీ దీన్నే. సరిహద్దు అవతలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా మేస్త్రి మాత్రం దీన్ని ఆళ్‌కాట్టి అంటాడు. మనిషిని చూపించే పిట్ట అని తమిళంలో దాని అర్థం. నాకు తెలిసిన పేర్లలో దీనికి అతికినట్టు సరిపోయేది అదే. మనిషి వస్తున్నాడని నలుగురికీ చాటడమే దాని ఉద్యోగం.

మే 12న వచ్చిన మొదటి పెట్టెను మూడు రోజుల్లో తిప్పి పంపాను. చూడటానికి బొమ్మ చక్కగానే ఉంది. కానీ పది నిమిషాలకు కనుబొమల మధ్య బరువు, పావుగంటకు తలనొప్పి. కొత్తవారైతే తమ కళ్లదే తప్పనుకుని ఊరుకుంటారు. ‘మీరిచ్చిన అద్దాలు పెట్టుకుంటే తల తిరుగుతోంది’ అని వచ్చినవాళ్లను ఏళ్ల తరబడి కూర్చోబెట్టి చూసినవాణ్ణి కనుక నా అనుమానం గొట్టాల మీదికి పోయింది. దీనికి పరీక్ష సులువు. దూరంగా ఉన్న కరెంటు తీగను చూస్తూ బైనాక్యులర్‌ను కళ్ల నుంచి మెల్లగా జానెడు దూరం జరపాలి. రెండు వలయాల్లోనూ తీగ ఒకే ఎత్తున సాగాలి. నా దాంట్లో కుడివైపు తీగ మెట్టు దిగినట్టు కిందికి జారింది. అంటే రెండు గొట్టాలూ ఒకే చోటికి చూడటం లేదు. ఆ తేడాను కళ్లే లాగి కలుపుకోవాలి, ఆ లాగుడే తలనొప్పి. అమ్మినవారితో ఫోనులో నడిచిన వాదన ఇక్కడ రాయను. ‘సార్, చక్రం సరిగా తిప్పి చూడండి’ అని నాకు పాఠం చెప్పిన అమ్మాయికి నేను ఏం పని చేసేవాణ్ణో చెప్పలేదు, అంతమాత్రం చాలు. మే 23న వేరే పెట్టె వచ్చింది. ఇందులో తీగ తీగలాగే ఉంది.

కొత్త వస్తువు చేతికొచ్చిన ఆ పూటే నేనొక తెలివితక్కువ పని చేశాను. దూరం నుంచి చూడటానికి కొన్నదాన్ని మెడలో వేసుకుని, ఇంకా బాగా కనిపిస్తుందన్న ఆశతో గూటి దగ్గరికే నడిచాను. సాయంత్రం నాలుగు గంటలు, చెప్పుల కింద నేల పెనంలా ఉంది. నేను ముప్పై అడుగులు వేయకముందే తల్లి గుడ్ల మీద నుంచి లేచి, వంగి, చప్పుడు లేకుండా పరుగెత్తి, బాగా దూరం పోయాక అప్పుడు గొంతెత్తింది. రెండోది ఎక్కణ్ణుంచి వచ్చిందో, నా తల మీద వెంట్రుకలు కదిలేంత కిందుగా రెండుసార్లు దూకింది. ఇంతలో మొదటిది ఇరవై మీటర్ల అవతల వట్టి నేల మీద కూర్చుని, రెక్కలు కొద్దిగా విప్పి, గుడ్లు అక్కడే ఉన్నట్టు సర్దుకుంటూ నటన మొదలుపెట్టింది. నాటకం బాగుందని నిలబడి చూశాను. గడియారం చూసుకుంటే పన్నెండు నిమిషాలు గడిచాయి. పన్నెండు నిమిషాలుగా నాలుగు గుడ్లు ఎండలో ఉన్నాయన్న సంగతి అప్పుడు తట్టింది. రోళ్లు పగిలే రోహిణి కార్తెకు ఇంకా రెండు రోజులే ఉంది. ఆ రోజుల్లో ఈ పిట్ట పొదగడమంటే వేడి ఇవ్వడం కాదు, నీడ పట్టడం. అది లేచిపోతే పొదిగేది ఎండే, పొదగడం కూడా కాదు, ఉడకబెట్టడం. గబగబా వెనక్కి వచ్చేశాను. ఇంటికొచ్చి చూసుకుంటే ముందు అద్దాల మూతల్లో ఒకటి లేదు. నేను నిలబడిన చోటే పడి ఉండాలి. వెళ్లి వెతుకుదామంటే కాళ్లు రాలేదు.

మర్నాటి నుంచి మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడన ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాను. అడుగులతో కొలిచి చూస్తే గూటికి అక్కడికి దాదాపు 60 మీటర్లు. ఎనిమిదితో భాగించండి, ఏడున్నర మీటర్లు. నేను నిజంగా ఏడున్నర మీటర్ల దూరంలో నిలబడితే ఆ పిట్ట లోకం ఏకం చేసేది. అరవై మీటర్ల మీద మిద్దెపై కూర్చున్న ముసలాణ్ణి అది ట్యాంకుతో పాటు లెక్కగట్టింది. బైనాక్యులర్ పిట్టను దగ్గరికి తెస్తుందని అమ్మేవాళ్లు రాస్తారు. నా అనుభవంలో ఇది చేసిన మేలు నన్ను దూరంగా కూర్చోబెట్టడం. నన్ను మరిచిపోయాకే ఆ పిట్ట తన పని తాను చేసుకుంది, నేను చూసిందంతా ఆ పనే.

ఇక అద్దాల సంగతి. మా దుకాణంలో గోడకు అక్షరాల పట్టీ ఉన్నట్టు, బైనాక్యులర్‌ను పరీక్షించడానికి ఎవరో గీసి పెట్టిన పటం ఈ తీతువు. తల, గొంతు, రొమ్ము కాటుక నలుపు. కంటి వెనక నుంచి మెడ పక్కగా దిగే పట్టీ పాల తెలుపు. ఆ రెండూ కలిసే గీత మీద ఎండ పడినప్పుడు చవక గాజు గుట్టు బయటపడుతుంది, అంచు వెంట వంకాయ రంగు పొగలాంటి గీత లేస్తుంది. దీంట్లో పిట్టను బొమ్మ మధ్యలో పెడితే ఆ రంగు దాదాపు లేదు. అంచుకు జరిపితే స్పష్టంగా ఉంది. ఈ ధరకు నేను దాన్ని క్షమిస్తాను, పిట్టను మధ్యలోనే పెట్టుకుంటాం కదా. కంటి ముందు ఉండే ఎర్రటి తోలు ముద్ద, కొసన నలుపు ఉన్న ఎర్ర ముక్కు, పసుపు కాళ్లు, ఈ రంగులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. ఎరుపు ఇటుక రంగులోకి తిరగలేదు. కొన్ని అద్దాల పూతలు దృశ్యం మొత్తానికీ టీ డికాషన్ రంగు పులుముతాయి. దీంట్లో ఆ జబ్బు లేదు.

ఎనిమిదింతలు చాలా, పదింతలు కొనాల్సిందా అని మా అబ్బాయి అడిగాడు. 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. దాన్ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది. వెనక నుంచి కంటిలోకి వచ్చే వెలుగు కట్ట మందం అంత. పట్టపగటి ఎండలో మన కనుపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుపోతుంది, కాబట్టి మిగిలిన వెలుగు వృథా. చీకటి పడేవేళ కుర్రవాళ్ల కనుపాప ఏడు దాకా విప్పారుతుంది. నా వయసులో ఐదు దాటడం కష్టం. అంటే అరవై దాటినవాడికి సంధ్యవేళ 8×42 కొలిచి కుట్టించిన చొక్కాలా సరిపోతుంది. 8×56 అని మోయలేని బరువు కొంటే మిగతాది కనుపాప బయటే పోతుంది. పదింతలదైతే బొమ్మతో పాటు చేతి వణుకూ పదింతలవుతుంది. నా చేతులు ఫ్రేముకు మర బిగించడానికి ఇంకా పనికొస్తాయి గానీ, పావుగంట సేపు ఒక పిట్ట మీద నిలవవు.

దీనికన్నా పెద్ద మెలిక ఒకటి ఎదురైంది. అది బైనాక్యులర్ తప్పు కాదు. నేను పెట్టుకునేవి ప్రోగ్రెసివ్ అద్దాలు, పై భాగం దూరానికి, కింది భాగం చదవడానికి. మిద్దె మీద నుంచి కిందికి చూసేటప్పుడు చూపు తెలియకుండా కింది భాగంలోకి జారుతుంది, పిట్ట మసక. చక్రం తిప్పి సరిచేస్తే తల కాస్త ఎత్తగానే మళ్లీ మసక. వందల మందికి ప్రోగ్రెసివ్ అద్దాలు అమ్మినవాడికి ఈ బుద్ధి రావడానికి నాలుగు రోజులు పట్టింది. దూరపు నంబరు ఒక్కటే వేసిన పాత ఫ్రేము తీసి పెట్టుకున్నాక సమస్య పోయింది. కళ్లద్దాలవారు కొనేముందు చూడాల్సిన మరో అంకె ఉంది, కంటికీ వెనక అద్దానికీ మధ్య ఎంత దూరంలో పూర్తి బొమ్మ కనబడుతుందన్నది. దీనికి 17 మిల్లీమీటర్లు. కంటికి ఆనే రబ్బరు గిన్నెలు కిందికి తిప్పేసి, కళ్లద్దాలు తీయకుండానే నిండు వలయం చూడగలిగాను. 15 కన్నా తక్కువ ఉన్నది కళ్లద్దాలవారికి అంటగట్టకూడదు.

మే చివర్లో ఒక మధ్యాహ్నం చూసింది ఈ మూడు నెలల్లోకెల్లా నాకు ఇష్టమైన దృశ్యం. మూడు ప్లాట్ల అవతల కడుతున్న ఇంటి శ్లాబుకు క్యూరింగ్ నీళ్లు పెడుతున్నారు. కారిన నీళ్లు కింద చిన్న మడుగు కట్టాయి. పొదుగుతున్నది లేచి నేరుగా అక్కడికి ఎగిరి, కాళ్లు ముడిచి, ఆ మడుగులో కూర్చుంది. తాగడం లేదు, స్నానం చేయడం లేదు. పొట్టను అటూ ఇటూ నీళ్లలో రాసి, లేచి, మళ్లీ కూర్చుని, బాగా నానాక ఎగిరొచ్చింది. గూటికి రెండు గజాల దూరంలో వాలి నడిచి వస్తుంటే పొట్ట కింది తెల్ల ఈకలు నాలుగైదు కుచ్చులుగా అంటుకుని ఉన్నాయి, ఒక్కో కుచ్చు కొసన ఒక బొట్టు. ఒక బొట్టు గులకరాయి మీద పడి, ఆ రాయి రంగు మారడం కూడా కనిపించింది. తర్వాత గుడ్ల మీద నిలబడి, ముక్కుతో ఒకటి కొద్దిగా జరిపి, తడి పొట్టను మెల్లగా దించింది. అలా ఆ పూట నేను చూసినంతలో మూడుసార్లు. అరవై మీటర్ల మీద రాయి రంగు మారడం చూపించిన వస్తువుకు ఎన్ని మార్కులు వేయాలో మీరే చెప్పండి.

ఈ మాట కూడా చెప్పాలి, ఉదయం తొమ్మిదిన్నర దాటాక ఎంత గొప్ప అద్దమైనా ఒకటే. నేల కాగి గాలి ఆడటం మొదలవుతుంది. పిట్ట నీళ్లలో ప్రతిబింబంలా ఊగుతుంది, హద్దురాయి నడుం వంపులు తిరుగుతుంది. ఆ ఊగుడును కూడా అద్దం ఎనిమిదింతలు చేసి చూపిస్తుంది. ‘ఫోకస్ కుదరడం లేదు’ అని ఆన్‌లైన్‌లో వస్తువుకు ఒక్క స్టార్ ఇచ్చి తిట్టిపోసిన వారిలో సగం మంది మిట్టమధ్యాహ్నం చూసి ఉంటారని నా అనుమానం. మడుగు దృశ్యం మధ్యాహ్నమే అయినా కనబడిందంటే అంతకుముందు చిన్న జల్లు పడి మబ్బు పట్టి ఉండటం వల్ల. మిగతా రోజుల్లో నా డ్యూటీ తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఐదున్నర నుంచి కన్ను కానరానంత వరకు.

తల్లి తల్లి అంటున్నాను గానీ ఆడదీ మగదీ చూపుకు ఒకేలా ఉంటాయి, వంతులు వేసుకుని పొదుగుతాయి. వంతు మారేటప్పుడు పెద్ద హడావిడి ఏమీ ఉండదు. ఒకటి నడుచుకుంటూ వస్తుంది, కూర్చున్నది లేచి మరో దిక్కుకు నడుస్తుంది. మా ఇంట్లో కుళాయి దగ్గర బిందె మారినంత మామూలుగా. రోజూ మేకలు తోలుకుపోయే కుర్రాడు ఒకనాడు ‘గుడ్లు తీసి భద్రంగా పెట్టమంటారా స్వామీ’ అని అడిగాడు. మంచి మనసుతోనే అడిగాడు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పిట్ట గుడ్లనూ గూటినీ కదిలించడం కూడా వేట కిందికే వస్తుందని చెబితే నమ్మలేదు. పైకి పిలిచి బైనాక్యులర్ ఇచ్చాను. తన మేకల గుంపుకు ఎదురుగా రెక్కలు చాచి నిలబడిన తీతువును, దాన్ని చూసి రెండు పాయలుగా చీలిపోయిన మేకలను చూశాడు. ఆ తర్వాత మంద దారి తనే మార్చుకున్నాడు.

జూన్ 6, ఉదయం ఆరు దాటింది. పొదుగుతున్నది లేచి ముక్కుతో తెల్లటి పెంకు ముక్క పట్టుకుని చాలా దూరం ఎగిరిపోయి పడేసి వచ్చింది. గుడ్డు బయట మట్టిరంగు, లోపల సున్నపు తెలుపు. గూటి పక్కనే తెల్లగా మెరుస్తుంటే కాకికి చీటీ రాసి పంపినట్టే. సాయంత్రానికి నాలుగూ బయటపడ్డాయి. కోడిపిల్లలా పుట్టిన పూటే లేచి నడిచే రకం. నోరు తెరిచి గూట్లో ఎదురుచూసే రకం కాదు. మర్నాటికి గూడు ఖాళీ. తల్లి ముందు నడుస్తుంటే వెనక నాలుగు గోలీలు దొర్లుతున్నట్టు.

ఆ సాయంత్రం ఆరు ముప్పావుకు, వెలుగు బూడిద రంగుకు దిగిన వేళ, ఈ వస్తువు తన ధరను రాబట్టింది. ఉత్త కంటికి హద్దురాయి పక్కన నల్లటి ముద్ద మాత్రమే ఉంది. అద్దంలో చూస్తే తల్లి నిలబడే ఉంది, రెక్కలు కాస్త దించి, ఈకలు ఉబ్బించి. కింద కాళ్లు లెక్కపెట్టాను. రెండు పొడుగాటి పసుపు కాళ్లు. వాటి మధ్య అగ్గిపుల్లల్లాంటివి ఆరు. నాలుగో పిల్ల ఏదని గుండె గుబుక్కుమంది. అంతలో ఎడమ రెక్క కింది నుంచి తెల్ల మెడపట్టీతో చిన్న తల ఒకటి బయటికి వచ్చి, చుట్టూ చూసి, మళ్లీ దూరింది. రెండు కాళ్లు పెరిగాయి. పది కాళ్ల పిట్ట. మా ఆవిడను కేకేశాను. ఆమె చూసి, చాలాసేపు ఇవ్వకుండా, ‘గొడుగు వేసుకున్నట్టుంది’ అంది. గరుడసేవ మాట మళ్లీ ఎత్తలేదు.

అయితే దాక్కున్న పిల్లను వెతకడానికి ఏ బైనాక్యులరూ పనికిరాదు. తల్లి ఒక రకంగా అరిస్తే చాలు, నడుస్తున్న పిల్ల నడుస్తున్న చోటే నేలకు అంటుకుపోతుంది. మెడ చాచి, గడ్డం మట్టికి ఆనించి, రాయి. ఒకసారి ఒక పిల్లను చూస్తూ చూస్తూ పోగొట్టుకుని ఇరవై నిమిషాలు గులకలన్నీ ఒక్కొక్కటిగా గాలించాను. చివరికి ఒక గులకరాయికి కన్ను ఉంది. కాబట్టి కొత్తవారికి నా సలహా, అద్దం దించి ముందు ఉత్త కళ్లతో మొత్తం ప్లాటును చూడండి, కదలిక కనబడ్డాక చూపు దాని మీదే ఉంచి అద్దాన్ని కళ్ల దగ్గరికి ఎత్తండి. అద్దంతో వెతకడమంటే గొట్టంలోంచి తిరునాళ్ల చూడటమే.

పక్కింటి అవ్వకు మొదటి నుంచీ ఈ వ్యవహారం నచ్చలేదు. ‘తీతువును ఇంటి ముందు పెట్టుకుని పూజలు చేస్తున్నావా నాయనా, ఇల్లు బాగుండాలా వద్దా’ అని గోడ మీదుగా దెప్పేది. పిల్లలు పుట్టిన మూడో రోజు తనే మెట్లెక్కి వచ్చింది. ఆమెకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, దూరపు చూపు నాకన్నా బాగుంది. కానీ ముఖం చిన్నది, కనుపాపల మధ్య దూరం 53 మిల్లీమీటర్లే. దుకాణంలో ఆమె అద్దాలకు కొలిచినవాణ్ణి నేనే. ఈ బైనాక్యులర్ గొట్టాలు ఎంత దగ్గరికి మడిచినా 56 కన్నా తగ్గవు. పిల్లలకు, చిన్న ముఖం ఉన్నవారికి కొనేటప్పుడు ఈ సంగతి పెట్టె మీద వెతకండి. అవ్వ కుడి గొట్టంలోంచి ఒంటికన్నుతో చూసింది. ‘నాలుగు కదా అన్నావు, మూడే ఉన్నాయి’ అంది.

మూడే ఉన్నాయి. ఆ ఉదయం ఒక కాకి నేల మీదికి దిగడం, రెండు తీతువులూ దాని మీద పడటం చూశాను. కాకి వెళ్లేటప్పుడు దాని ముక్కులో ఏముందో చూడటానికి చక్రం తిప్పే వ్యవధి దొరకలేదు. రెండో పిల్ల జూన్ చివర వాన పడిన రాత్రి తర్వాత కనబడలేదు. ముంగిసో, కుక్కో, రోడ్డు పక్క కాలువో, నాకు తెలియదు. మిగిలిన రెండూ జూలై రెండో వారంలో, మొదట పరుగుకు మధ్యలో కాస్త గాలిలోకి లేస్తూ, తర్వాత రోజుల్లో హద్దురాయి నుంచి హద్దురాయికి, ఆ తర్వాత చెరువు వైపు ఎగిరిపోయాయి.

ఫిర్యాదులు చెప్పకపోతే ఇది సమీక్ష కాదు. మెడపట్టీ సన్నటి నైలాను నాడా, అరగంటకు మెడ కోస్తుంది. తీసేసి వెడల్పాటి బట్ట పట్టీ కుట్టించుకున్నాను, దర్జీకి అరవై రూపాయలు. మధ్యచక్రం కొన్నప్పుడు చక్కగా బిగువుగా ఉండేది, మే ఎండల్లో లోపలి గ్రీజు పలచబడి వదులైంది, వేలు తగిలితే చాలు తిరిగిపోతోంది. రబ్బరు తొడుగు చెమటకు జిగురెక్కి దుమ్ము పట్టుకుంటుంది. కుడి కంటి నంబరు సర్దుకునే వలయానికి తాళం లేదు, సంచిలోంచి తీసిన ప్రతిసారీ పక్కకు జరిగి ఉంటుంది. నేను గోరు రంగుతో అక్కడ ఒక చుక్క పెట్టుకున్నాను. సంచి జిప్పు గురించి మాట్లాడటం కూడా దండగ. అద్దాలు తుడవమని పెట్టెలో ఇచ్చిన బట్టతో దయచేసి తుడవకండి. ముందు గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదేయండి. ఎర్రమట్టి దుమ్ము ఉన్న అద్దాన్ని పొడిబట్టతో రుద్దితే పూత మీద పడే గీతలకు మా దుకాణంలో మందు లేదు.

ఎవరు కొనాలి? మిద్దె ఉండి, ఎదురుగా చెరువో పొలమో పోరంబోకో ఉండి, ఒక చోట గంటసేపు కదలకుండా కూర్చోగలిగినవారు. ఊళ్లు తిరిగేటప్పుడు జేబులో వేసుకుందామనుకునేవారికి ఇది బరువు. వారికి 8×25 రకం నయం, సంధ్యవేళ మాత్రం ఆశ వదులుకోవాలి. సంతల్లో రెండు వేలకు దొరికే, ముప్పైయింతలని రాసి ఉన్న జూమ్ రకాలను ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది, వణుకు పెరుగుతుంది, కనిపించే మేర చిన్నదవుతుంది. నా లెక్కలో దీనికి ఐదుకు నాలుగు, మొదటి పెట్టెలో వచ్చిన మెట్టు తీగను గుర్తుచేసుకుంటే మూడున్నర.

జూలై మూడో వారంలో, పిట్టలు చెరువు వైపు మారిపోయాయని రెండు పూటలు చూసి ఖాయం చేసుకున్నాక, ప్లాటులోకి దిగాను. మూత కోసం. రెండు నెలలుగా మిద్దె మీద నుంచి దాని నల్లటి అంచు నాకు కనిపిస్తూనే ఉంది, అద్దంలో చూస్తే మీద రాసిన అక్షరాలతో సహా. నేల మీదికి దిగాక వెతకడానికి పది నిమిషాలు పట్టింది. అక్కణ్ణుంచి పదిహేను మీటర్లు నడిచి గూడు చూద్దామనుకున్నాను. మే నుంచి రోజుకు నాలుగైదు గంటలు చూసిన చోటు. హద్దురాయి గుర్తు ప్రకారం సరిగ్గా అక్కడే నిలబడ్డాను. గులకరాళ్లు, మేకపెంటికలు, వానకు మొలిచిన గరిక. గుంట ఏదో, నేల ఏదో తెలియలేదు. ఒక రాయి కింద వేలిగోరంత పెంకు ముక్క దొరికితే జేబులో వేసుకోబోయి మళ్లీ అక్కడే పెట్టేశాను.

మూతకు ఎండకు రంగు పోయింది. కడిగి పెట్టాను. ఇప్పటికీ వదులే, వంగితే ఊడిపోతోంది.